మంజూరైన మనిషి

పెళ్లయిన నలభై మూడో రోజున మా ఆయన బదిలీ దరఖాస్తు నా బల్ల మీదికే వచ్చింది. ఆ నలభై మూడు రోజుల్లో మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నది పదకొండు రోజులు. అందులో రెండు రోజులు చుట్టాలకే సరిపోయాయి కాబట్టి తొమ్మిదనే చెప్పుకోవాలి.

మా ఆయన పేరు తారకేశ్. కొండ మీద పెదగెడ్డవలస ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. జిల్లా కేంద్రం నుంచి అక్కడికి బస్సులో ఐదు గంటలు, చివరి గంటన్నరా మలుపులే. ఆయన నారింజ పండు తొక్కను ఎక్కడా తెగకుండా ఒకే రిబ్బనులా ఒలుస్తారు. ఈ సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయో తెలుసుకోవాలంటే ఆయన నా దగ్గర ఉండాలి. అదీ సమస్య.

పరిష్కారం కూడా మా ఊళ్లోనే ఉంది. జిల్లా ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు రెండేళ్లుగా ఖాళీ. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకే చోట వేయవచ్చని నిబంధన ఉంది. పోస్టుకు మనిషి కావాలి, ఆ మనిషి నాకూ కావాలి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో కూడా ఇంత చక్కగా తేలిన లెక్క నేను చూడలేదు.

నేను పనిచేసే చోటు పేరు జిల్లా మహమ్మారి పూర్వసన్నద్ధతా అనుకరణ కేంద్రం. బోర్డు మీద చోటు చాలక పెయింటరు 'అనుకరణ కేంద్రం' అన్నది మాత్రం పెద్దక్షరాలతో రాసి, మిగతాది పైన చీమల బారులా సర్దాడు. దాంతో ఆటోవాళ్లందరికీ అది మిమిక్రీ ఆఫీసు. మొదటి నెలలో ఇద్దరు కళాకారులు వచ్చి, రైలు కూతా కోడి కూతా వినిపించి, గుర్తింపు కార్డులు అడిగారు. మా డైరెక్టరు డాక్టర్ పాండురంగారావు గారు వాళ్లను కూర్చోబెట్టి, ఇక్కడ అనుకరించేది పక్షులనూ రైళ్లనూ కాదు, మహమ్మారిని అని వివరించారు. రెండో ఆయన కాసేపు ఆలోచించి, దగ్గి చూపించాడు.

మా పని ఇది. జిల్లాలోని మనుషులందరినీ కంప్యూటర్లో చుక్కలుగా పెట్టి, దానికి నమూనా అని పేరు పెట్టాం. ఆరోగ్యంగా ఉంటే ఆకుపచ్చ, జబ్బు పడితే ఎరుపు. ఆ చుక్కలు పనికి వెళతాయి, సంతకు వెళతాయి, బస్సెక్కుతాయి, ఒకదానికొకటి జబ్బు అంటించుకుంటాయి. రేపు నిజంగా మహమ్మారి వస్తే ఎన్ని మంచాలు కావాలి, ఎక్కడ ఎందరు నర్సులుండాలి, రక్తపరీక్ష ఆలస్యమైతే ఏమవుతుంది అన్నవి ఈరోజే చూసుకోవచ్చు. మంచి పని. నేను ఇష్టపడే చేరాను.

సిబ్బంది వివరాలు అడిగితే ఆసుపత్రులన్నీ ఒకే రకం కాగితం నింపి పంపాయి. అందులో రెండు గళ్లు: 'మంజూరైనవి', 'పనిచేస్తున్నవి'. నేను రెండో గడిలోని అంకెలు ఎక్కించి మహమ్మారిని వదిలాను. పందొమ్మిదో రోజుకల్లా తెర మొత్తం మిరపకాయలు ఆరబోసిన కల్లంలా అయిపోయింది.

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఎరుపు తగ్గలేదు.

"మృదులగారూ, మధ్యాహ్నం మూడింటికి రాష్ట్రస్థాయి సమీక్షా సమావేశం. ఈ తెరను వారి సమక్షంలో ప్రదర్శించుట భావ్యమా?"

"ఉన్న సిబ్బందితో ఇంతేనండి సార్."

"ఉన్న సిబ్బందిని ఎందుకు తీసుకున్నారు? మొదటి గడిలో ప్రభుత్వం మంజూరు చేసిన సిబ్బంది ఉన్నారు కదా. ప్రభుత్వం ఉండవచ్చునన్న మనిషిని లేడనడానికి మనమెవరం?"

మొదటి గడి ఎక్కించాను. మహమ్మారి ఆరో రోజున తోక ముడిచింది. మూడింటి సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: ఇకమీదట జిల్లా ఆరోగ్య శాఖలో ఏ నియామకమైనను, ఏ బదిలీ అయినను, ఏ సెలవు అయినను, ముందుగా నమూనాలో పరీక్షించి, నమూనా అంగీకరించిన పిమ్మటనే అమలు జరుపవలెను.

అలా వచ్చింది ఆ దరఖాస్తు నా బల్ల మీదికి. కింద ఆయన సంతకం చూసి కాసేపు మురిసిపోయి, నమూనాలో వేశాను. నమూనా ఒక్క ముక్కలో జవాబిచ్చింది: ఖాళీ లేదు.

సెక్షన్ సూపరింటెండెంట్ సూరిబాబు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయనది ముప్ఫయ్యేళ్ల సర్వీసు. నిబంధనల పుస్తకం తెరవకుండానే పేజీ నంబరు చెప్పగలరు.

"ఖాళీ లేదంటోందండీ. రెండేళ్లుగా ఎవరూ లేని పోస్టు కదా అది."

"ఎవరూ లేకపోవడమేమిటమ్మా? మనిషున్నాడు."

"ఎక్కడండీ?"

"మీ కంప్యూటర్లో. పెట్టింది మీరే."

నిజమే. జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌లో చుక్క నంబరు 4172. పొద్దున తొమ్మిదికి వస్తోంది, సాయంత్రం ఐదుకు వెళుతోంది. ఏ పరీక్షకైనా నాలుగు గంటల్లో రిపోర్టు ఇస్తోంది.

"మరి ఆసుపత్రిలో ల్యాబ్‌కి తాళం వేసి ఉందే?"

"తాళం నమూనాలో లేదు కదమ్మా. ఒక సీట్లో ఇద్దర్ని ఎలా వేస్తాం? మీవారిని తెచ్చి కూర్చోబెడితే ఆ అబ్బాయి ఏమైపోవాలి?"

తారకేశ్‌కు ఫోన్ చేశాను.

"ఆ పోస్టులో వేరే ఆయన ఉన్నాడటండీ."

"ఎవరు? ఏ బ్యాచి?"

"చుక్క."

"చుక్కా? ఇంటిపేరా?"

"చుక్కేనండీ. కంప్యూటర్లో చుక్క."

"పని బాగా చేస్తాడా?" అన్నారు ఆయన.

"నాలుగు గంటల్లో రిపోర్టు ఇచ్చేస్తాడు."

"అయితే నాకంటే నయమే. నా మైక్రోస్కోపు బల్బు పోయి నెలయింది. కిటికీ పక్కన కూర్చుని అద్దంతో ఎండ పట్టుకుని స్లైడ్లు చూస్తున్నాను. మబ్బేస్తే ఆఫీసు బందు."

ఆయన ఎండ పట్టుకుంటున్న దృశ్యం ఊహించుకుని ఆ రోజంతా సంతోషంగా గడిపాను. కోపం మర్నాటికి గాని రాలేదు.

ఈలోగా చుక్క పైకొచ్చింది. హాజరు పట్టీలో పేరు గడి ఖాళీగా ఉండకూడదని సూరిబాబు గారు ఆలోచించి 'ఎం. మంజూరావు' అని రాశారు. పేరు పడ్డాక మర్యాద కూడా పెరిగింది. రక్తపరీక్షకు వచ్చి, తాళం చూసి, ఫిర్యాదు పెట్టిన వాళ్లకు మా కేంద్రం నుంచి జవాబు వెళ్లేది: 'తమ పరీక్షా ఫలితము ఉదయం 11 గంటల 20 నిమిషములకు శ్రీ మంజూరావు గారిచే ఇవ్వబడినట్లు నమూనా ధ్రువీకరించుచున్నది. ఫలితము: సాధారణము.' ఒకాయన ఆ కాగితం ఫ్రేము కట్టించుకున్నాడని విన్నాను.

టెక్నీషియన్ల సంఘం కార్యదర్శి వచ్చి డైరెక్టరు గారిని నిలదీశాడు.

"మావోడితో ఒక్క సెలవు లేకుండా చాకిరీ చేయిస్తారా సార్? మనిషనుకున్నారా, యంత్రమనుకున్నారా?"

డైరెక్టరు గారు నొచ్చుకుని మంజూరావుకు మూడు రోజులు సెలవు ఇచ్చారు. ఇవ్వగానే తెర మీద జిల్లా ఎర్రబడింది. సెలవు రద్దు చేశారు. అతడు మారు మాట్లాడలేదని అందరూ మెచ్చుకున్నారు.

పంద్రాగస్టున ఉత్తమ ఉద్యోగుల పేర్లు చదివారు. ఎం. మంజూరావు అన్నారు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాక సూరిబాబు గారు వెళ్లి మైకు దగ్గర ఏదో చెప్పారు. "విధి నిర్వహణలో ఉన్నందున రాలేకపోయారు" అని ప్రకటించారు. చప్పట్లు రెట్టింపయ్యాయి. నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే చేతులు ఊరుకోవు.

ఆ సాయంత్రం ప్రశంసాపత్రాన్ని బీరువాలో పెడుతూ సూరిబాబు గారు నన్ను పిలిచారు. అప్పటికి నా పెళ్లయి ఎనభై ఎనిమిది రోజులు, కలిసి ఉన్నవి పదిహేను.

"భార్యాభర్తల నిబంధన కింద మీ పని కాదమ్మా. మ్యూచువల్ పెట్టండి. ఒకరి చోటికి ఒకరు. ఇద్దరికీ ఇష్టమైతే ఎవరూ కాదనరు."

"ఎవరితోనండీ?"

"మంజూరావుతో. ఆయన కొండెక్కుతాడు, మీవారు దిగుతారు."

"ఆయన ఒప్పుకోవద్దూ?"

"అడిగి చూడండి. మంచి కుర్రాడు, కాదనడు."

అప్పుడు పెదగెడ్డవలసలో ఎవరుంటారన్న ప్రశ్న నాకు రాలేదని అనను. వచ్చింది. వచ్చి, నా ముఖం చూసి, మొహమాటపడి వెళ్లిపోయింది.

మంజూరావు తరఫున డైరెక్టరు గారే సంరక్షకుని హోదాలో సంతకం చేశారు. నమూనాలో వేసి చూస్తే పెదగెడ్డవలస ఆకుపచ్చ మరింత చిక్కబడింది. "మారుమూల ప్రాంతమునకు మన అత్యుత్తమ ఉద్యోగిని పంపుట ఈ కేంద్రం యొక్క దార్శనికత" అంటూ ఆయన వీడ్కోలు సభ పెట్టించారు. లడ్డూ, మిక్చరు పంచారు. మంజూరావు సుగుణాల మీద పన్నెండు నిమిషాలు మాట్లాడి, శాలువా తెచ్చి కంప్యూటరుకు కప్పారు. కాసేపటికి అది వేడెక్కి ఆగిపోయింది.

"ఉద్వేగానికి లోనయినాడు," అన్నారు డైరెక్టరు గారు.

తారకేశ్ రెండు సంచులతో, ఒక కరివేపాకు మొక్కతో దిగారు. తర్వాతి పన్నెండు రోజుల గురించి ఎక్కువ రాయను. అద్దం ముందు గ్లాసులో రెండు బ్రష్షులు. పేపరు ఆయన మధ్య పేజీ నుంచి మొదలుపెడతారు. కూరలో ఉప్పు తగ్గితే చెప్పరు, లేచి వెళ్లి పెరుగు తెచ్చుకుంటారు. వానలో ఒక గొడుగు కింద బజారుకు వెళ్లి, ఆయన కుడి భుజమూ నా ఎడమ భుజమూ తడుపుకుని వచ్చాం. అటు ఆసుపత్రిలో ల్యాబ్ తాళం తీశారు. పొద్దున రక్తమిచ్చిన వాళ్లకు మధ్యాహ్నానికి రిపోర్టు వస్తోంది. అందులో 'సాధారణం' కానివి కూడా ఉండడంతో జనం కొంచెం కంగారుపడ్డారు.

పదమూడో రోజు పొద్దున ఉప్మా పెడుతుంటే ఆయన ఫోన్ మోగింది. ఆయన స్నానంలో ఉంటే నేనెత్తాను.

"తారకేశ్ బాబున్నారా అమ్మా? నాను పైడితల్లిని, పెదగెడ్డవలస నర్సుని."

"చెప్పండి. నేను వాళ్లావిణ్ణి."

"ఓలమ్మ, నువ్వేనా. ఏటినేదమ్మా, కొత్త బాబు చేరిపోయినారని కాయితం ఒచ్చింది. పన్నెండ్రోజులై కుర్చీ కేసి సూస్తన్నాను. కుర్చీ ఉంది, బాబు నేరు. సెలవెట్టినారేటి?"

"ఆయన సెలవు పెట్టరండీ," అన్నాను.

"జొరాలు తగులుకున్నాయమ్మా. ఇరవైయారు మంది. ఒకటే ఒణుకు. టెస్టు కిట్లు అయిపోయి వారమైంది. రక్తం పూతలు తీసి స్లైడ్లు కట్టలెట్టినాను. సూసేవోళ్లేరీ? ఏ రకం మలేరియావో తెలిస్తే కదా ఏ మందెయ్యాలో తెలిసేది."

తారకేశ్ తల తుడుచుకుంటూ వచ్చి ఫోన్ తీసుకుని, స్లైడ్లన్నీ మధ్యాహ్నం బస్సులో పంపమన్నారు. కండక్టరు స్వీటు డబ్బాలో తెచ్చి ఇచ్చాడు. మలుపుల్లో పన్నెండు పగిలిపోయాయి. మిగిలిన పద్నాలుగూ చూసి ఆయన మైక్రోస్కోపు దగ్గర నుంచి లేవకుండానే అన్నారు.

"తొమ్మిదింటిలో ఉంది మృదులా. చెడ్డ రకం."

ఫలితాలు ఫోనులో పైడితల్లికి చెప్పి, తొమ్మిది మందికీ మందు మొదలుపెట్టించారు. కానీ పగిలిన పన్నెండు స్లైడ్లలో ఏముందో ఎవరికీ తెలియదు. "నేను వెళ్లాలి," అన్నారు ఆయన.

మర్నాడు డైరెక్టరు గారి గదికి వెళ్లాను.

"సార్, పెదగెడ్డవలసలో ఇరవై ఆరు జ్వరాలున్నాయి."

ఆయన తెర చూశారు. "నమూనాలో సున్నా."

"నిజంగా ఉన్నాయండి సార్."

"ఉండవచ్చును. అవి అనుమతి లేని జ్వరాలు. మంజూరావు వంటి ఉద్యోగి అక్కడుండగా జ్వరం రావడమంటే ఆ గ్రామస్థులు నమూనాతో సహకరించుట లేదన్న మాట."

"తారకేశ్‌ను వెనక్కి పంపించండి సార్," అన్నాను. అన్నాక గాని నేనేమన్నానో నాకు వినబడలేదు.

"ఏ విధంగా పంపగలం? అక్కడ పోస్టు నిండి ఉన్నది. పైగా మ్యూచువల్ అయిన వారిని రెండేళ్ల వరకు కదిలించరాదు."

"పోనీ సెలవివ్వండి. సెలవు పెట్టి వెళతారు."

ఆయనే స్వయంగా నమూనాలో వేశారు. తారకేశ్ సెలవు పెడితే జిల్లా కేంద్రం ఎర్రబడింది. డైరెక్టరు గారు చేతులు జోడించారు, నాకు కాదు, తెరకు.

ఇంటికొచ్చి చెబితే తారకేశ్ సంచి సర్దడం మొదలుపెట్టారు. "సెలవివ్వకపోతే చెప్పకుండానే పోతాను."

"చెప్పకుండా పోతే ఉద్యోగం తీసేస్తారండీ. ఉద్యోగం లేకుండా అక్కడ మైక్రోస్కోపు ముట్టుకోనిస్తారా?"

ఆయన చొక్కా మడత పెడుతూ ఆగిపోయారు. "మరేం చేద్దాం?"

"రేపొక్కరోజు ఆగండి," అన్నాను. ఏం చేయాలో నాకు అప్పటికే తెలుసు. చేయాలని లేదు, అంతే.

రేపంటే, రాష్ట్రం నుంచి కమిషనరు విశాలాక్షి గారు మా నమూనా చూడటానికి వస్తున్నారు. నడిపి చూపించాల్సింది నేను. కొత్త చీర కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. పెదగెడ్డవలస, ల్యాబ్ టెక్నీషియన్, ఒకటి. ఆ ఒకటి తీసేసి సున్నా పెడితే అక్కడికి టెక్నీషియన్‌ను పంపక తప్పదు. జిల్లాలో పంపడానికి దొరికే టెక్నీషియన్ ఒక్కరే. ఆయన బ్రష్షు మా ఇంట్లో ఉంది. వేలు నాది, మీట మీద ఉంది, చాలాసేపు అలాగే ఉంది. పైడితల్లి కుర్చీ కేసి చూస్తూ కూర్చోవడం కళ్లకు కట్టింది. సున్నా కొట్టాను.

కమిషనరు గారు వచ్చి కూర్చున్నారు. మహమ్మారి పెదగెడ్డవలసలోనే పుట్టినట్టు పెట్టి వదిలాను. అక్కడ ఒక చుక్క ఎర్రబడింది. జబ్బేమిటో చెప్పేవాళ్లు లేరు కాబట్టి అది సంతకు వెళ్లింది, బస్సెక్కింది. బస్సు దారి వెంబడి ఊరి తర్వాత ఊరు ఎరుపెక్కుతూ కొండ దిగి, తొమ్మిదో రోజుకు మా ఆఫీసు వీధిలోకి వచ్చింది.

"అదేంటి?" అన్నారు కమిషనరు గారు.

"పెదగెడ్డవలసలో ల్యాబ్ టెక్నీషియన్ లేరండి మేడం. ఇది నమూనా. నిజంగా కూడా అక్కడ ఇరవై ఆరు మంది జ్వరంతో ఉన్నారు. తొమ్మిదింటిలో చెడ్డ మలేరియా తేలింది."

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "సాంకేతిక లోపం మేడం. అక్కడ మన ఉత్తమ ఉద్యోగి మంజూరావు నిరంతరం సేవలందించుచున్నాడు."

"సరే, ఫోన్ కలపండి. మాట్లాడతాను."

కమిషనరు గారు సూరిబాబు గారి వైపు చూశారు.

"ఆయన ఫోనెత్తడండి," అన్నారు సూరిబాబు గారు.

"ఏం?"

"మంజూరైతే అయ్యాడండి. ఇంకా పుట్టలేదు."

కమిషనరు గారు మా ముగ్గురినీ వరసగా చూశారు. "పుట్టినవాళ్లెవరైనా ఉన్నారా?"

"జిల్లా ఆసుపత్రిలో తారకేశ్ అని ఉన్నారండి," అన్నాను.

"రేపు పొద్దున బస్సుకు పంపించండి. కిట్లు కూడా. నేను మళ్లీ చెప్పేదాకా అక్కడే ఉండమనండి." తర్వాత ఆవిడ తెర మీద మిగిలిన ఆకుపచ్చను కాసేపు చూశారు. "మిగతా కొండ ఊళ్లన్నీ పచ్చగానే ఉన్నాయి కదా. సంతోషం," అని విమానానికి టైమవుతోందని వెళ్లిపోయారు.

ఆ ఊళ్ల పక్కన 'ఒకటి' అని ఎక్కించింది కూడా నేనే. నోరు తెరిచేసరికి కారు గేటు దాటింది.

తారకేశ్ మర్నాడు పొద్దున బస్సుకు వెళ్లిపోయారు. నేను బస్టాండు నుంచి ఆఫీసుకు వచ్చేసరికి నా బల్ల మీద మెమో ఉంది: 'నమూనాలో అనధికారికముగా వాస్తవమును ప్రవేశపెట్టినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.' తెలపడానికి వెళితే డైరెక్టరు గారు అప్పటికే చర్య తీసుకుంటున్నారు.

"సూరిబాబూ, ఈ జిల్లాలో అత్యంత దుర్భరమైన ప్రదేశం ఏది? మనిషి వెళితే బుద్ధి రావలెను."

సూరిబాబు గారు ఏనాడూ అక్కర్లేని నిబంధనల పుస్తకం తెరిచి, కళ్లజోడు సవరించుకుని, పేజీలు తిప్పారు. చాలాసేపు తిప్పారు.

"ఒకటుంది సార్. రోజుకొక్కటే బస్సు. వానొస్తే కరెంటు ఉండదు, ఫోనూ ఉండదు. జ్వరాలు సరేసరి. అక్కడికి వేస్తే రెండేళ్ల దాకా దిగి రాలేరు సార్. పాపం అనిపిస్తుంది గాని, తమరు అడిగారు కాబట్టి చెబుతున్నాను."

"ఏ ఊరు?"

"పెదగెడ్డవలస సార్."

డైరెక్టరు గారు సంతృప్తిగా తలాడించారు. "అక్కడ క్షేత్ర గణాంక సేకరణకు వేయండి. ఎన్ని జ్వరాలున్నవో అక్కడే కూర్చుని లెక్కించనివ్వండి."

"మరి ఇక్కడ ఈవిడ పని సార్?"

"పోస్టు మంజూరై ఉన్నది కదా."

నేను తల బాగా దించుకున్నాను. పెదవులు నా మాట వినడం లేదు. పైట చెంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏడ్చి ప్రయోజనం లేదమ్మా," అన్నారు డైరెక్టరు గారు, కాస్త మెత్తబడి. "ఉత్తర్వు ఉత్తర్వే."

నేను బయలుదేరే నాటికే జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌కి మళ్లీ తాళం పడింది. మంజూరావును కొండ దించి పాత సీట్లో వేశారు. పొద్దున పదకొండు ఇరవైకి ఎవరికో సాధారణమని రిపోర్టు కూడా ఇచ్చాడట.

బస్సు దిగి ఆరోగ్య కేంద్రం మెట్లెక్కుతుంటే పైడితల్లి ఎదురొచ్చింది. తెల్ల చీర, తలలో బంతిపువ్వు. నా చేతిలో ఉత్తర్వు చూసి ఆగింది.

"నువ్వైనా మనిసివేనా అమ్మా, కాయితానివా?" అని నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి చూసింది. నమ్మకం కుదిరాక ఒక స్లైడ్ల కట్ట, పెన్సిలు చేతిలో పెట్టింది. "అయితే ఇయ్యి నంబర్లెయ్యి. బాబు పొద్దుట్నించి మెడెత్తనేదు."

తారకేశ్ కిటికీ పక్కన ఉన్నారు. మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకు తిప్పుకుంటూ, నన్ను చూసి, కన్ను తీయకుండా పక్కన ఉన్న స్టూలు కాలితో ఇటు జరిపారు. నేను కూర్చుని ముప్ఫై ఒకటికి నంబర్లు వేశాను. ఆ తర్వాత విధుల్లో చేరినట్టు డైరెక్టరు గారికి రాయాల్సిన కాగితం తీశాను. 'అయ్యా, తమ ఉత్తర్వు ప్రకారము ఈ రోజు మధ్యాహ్నము పెదగెడ్డవలసలో విధులలో చేరితిని' అని రాసి సంతకం పెట్టబోతుంటే, ఆయన నా భుజం మీదుగా చదివారు.

"'మిక్కిలి విచారముతో చేరితిని' అని రాయి," అన్నారు. "లేకపోతే అనుమానం వస్తుంది."